మాట ఎక్కడ విరగొచ్చు, ఎప్పుడు విరగాలి: ఆటోమేటిక్ హైఫనేషన్‌ను అదుపులో పెట్టడం

జస్టిఫై చేసిన, అంటే రెండు అంచులూ సమంగా నిలిపిన పేజీ బాగుందో లేదో ముందుగా చెప్పేది కుడి అంచు. వరసగా నాలుగు లైన్లు హైఫన్‌తో ముగిశాయంటే చూపు ఆ అంచు దగ్గరే తట్టుకుంటుంది. హైఫన్ ఒక్కటీ లేకుండా చేస్తే ఆ భారం లోపలికి మళ్లుతుంది. పదాల మధ్య ఖాళీలు సాగి, ఒకదాని కింద ఒకటి చేరి, పేరా నడిమధ్యన తెల్లటి చారలు దిగుతాయి. కాలమ్ ఎంత ఇరుకైతే ఈ ఇబ్బంది అంత ఎక్కువ.

హైఫనేషన్ అనగానే చాలామందికి తట్టేది ఒక స్విచ్. వేస్తే వస్తుంది, తీస్తే పోతుంది. కానీ దాని లోపల రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఈ మాట ఎక్కడెక్కడ విరగడానికి వీలుంది అన్నది భాషకు సంబంధించిన ప్రశ్న. ఈ లైన్లో దాన్ని విరవాల్సిన అవసరముందా అన్నది పేజీకి సంబంధించిన ప్రశ్న. మొదటిదానికి నమూనాల ఫైలు, మినహాయింపుల జాబితా జవాబు చెబుతాయి. రెండోదానికి పెనాల్టీలు, పరిమితులు జవాబు చెబుతాయి. ఒకదానికి వేయాల్సిన మందు మరొకదానికి వేయడం దగ్గరే తిప్పలన్నీ మొదలవుతాయి. ఒక్క మాట తప్పుచోట విరిగిందని పుస్తకం మొత్తానికి హైఫనేషన్ ఆపేస్తారు. హైఫన్లు ఎక్కువయ్యాయని ఒక్కో మాటనూ మినహాయింపుల్లోకి చేరుస్తూ పోతారు. మొదటి పనితో పేజీ పాడవుతుంది, రెండో పనికి అంతు ఉండదు.

వీలు ఎక్కడుందో చెప్పే అంకెలు

ఇప్పుడు వాడుకలో ఉన్న ఆటోమేటిక్ హైఫనేషన్‌లో చాలా భాగం ఒకే ఊటలోంచి వచ్చింది. కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ నూత్ పేజీలు కూర్చడానికి రాసిన ప్రోగ్రామ్ టెక్ (TeX). 1978లో తెచ్చిన మొదటి టెక్, ఇంగ్లిష్ మాటల ముందూ వెనకా చేరే భాగాలను పోల్చుకుని విరిచేది. తర్వాత ఆయన దగ్గర పరిశోధన చేసిన ఫ్రాంక్ లియాంగ్ అంతకన్నా మెరుగైన దారి కనిపెట్టారు. స్టాన్‌ఫర్డ్‌లో 1983 నాటి ఆయన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం దాని గురించే. జీరాఫ్ (groff) అనే మరో కూర్పు ప్రోగ్రామ్ కూడా అదే పద్ధతి వాడుతుంది.

నమూనా అంటే కొన్ని అక్షరాల వరస, వాటి మధ్య అంకెలు. మాటలో ఆ వరస కనబడిన చోటల్లా ఆ అంకెలు పడతాయి. ఒకేచోట రెండు మూడు నమూనాలు వేర్వేరు అంకెలు వేస్తే పెద్ద అంకెదే పైచేయి. చివరికి నిలిచింది బేసి అంకె అయితే అక్కడ విరవొచ్చు, సరి అంకె అయితే విరవకూడదు. 1 అనుమతిస్తే 2 దాన్ని రద్దు చేస్తుంది, 3 వచ్చి ఆ రద్దును ఎత్తేస్తుంది. ఇంగ్లిష్‌కు ఇది 5 దాకా నడుస్తుంది. నియమం, దానికో మినహాయింపు, ఆ మినహాయింపుకు ఇంకో మినహాయింపు అంటూ స్పెల్లింగ్ ఎలా నడుస్తుందో అంకెలూ అలాగే నడుస్తాయి. చిన్న ఉపాయమే అయినా నలభై ఏళ్లుగా దీన్ని దాటి పోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

టెక్‌తో వచ్చే ఇంగ్లిష్ ఫైల్లో 4447 నమూనాలున్నాయి. జేబు నిఘంటువులోని విరుపుల్లో ఇవి దాదాపు 89 శాతం పట్టుకుంటాయి. మిగతావి కావాలనే వదిలేశారు. తప్పుచోట పడిన హైఫన్ చదివేవాళ్లను ఆపేస్తుంది, పడాల్సినచోట పడని హైఫన్ సంగతి ఎవరికీ తెలియను కూడా తెలియదు. అందుకే దొరికినన్ని పట్టడం కన్నా తప్పు పట్టకపోవడానికే ఈ ఫైలు తయారైంది. దాని చివర నూత్ ఇచ్చిన మినహాయింపులు 14 మాత్రమే. వాటిలో ‘ప్రాజెక్ట్’, ‘ప్రెజెంట్’ ఉన్నాయి. నామవాచకమైతే ఒకచోట, క్రియ అయితే ఇంకోచోట విరిగే మాటలివి. ఏది ఏదో యంత్రానికి తెలియదు కాబట్టి అసలే విరవొద్దని రాసిపెట్టారు. ఆ రెంటి బహువచనాలను కూడా ఆ జాబితాలో విడిగా చేర్చాల్సి వచ్చింది. మినహాయింపు పూర్తి మాటకే వర్తిస్తుంది, చివర ఒక్క అక్షరం చేరినా అది వేరే మాట అయిపోతుంది. ఇంగ్లిష్‌లో ఇది చిన్న చిక్కు. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఇదే పెద్దదవుతుంది.

తెలుగులో అవకాశాలు ఎక్కువ

భారతీయ లిపుల కోసం సంతోష్ తొట్టింగల్ తయారుచేసిన నమూనాలు టెక్ పంపిణీల్లో చేరాయి, వాటిలో తెలుగూ ఉంది. ఇంగ్లిష్ ఫైలు చూసిన కంటికి ఇది ఆశ్చర్యంగా చిన్నది. అచ్చుకూ హల్లుకూ రెండు పక్కలా 1. గుణింతపు గుర్తుకు ముందు 2, తర్వాత 1. సున్నకు, విసర్గకు ముందు 2. పొల్లు గుర్తుకు రెండు పక్కలా 2. దాదాపు ఇంతే.

‘అమ్మ’ మీద పెట్టి చూడొచ్చు. కంప్యూటర్‌కు అందులో ఉన్నవి అ, మ, పొల్లు గుర్తు, మళ్లీ మ. అ తర్వాత 1 పడుతుంది కాబట్టి అక్కడ వీలుంది. మొదటి మకూ పొల్లుకూ మధ్య 2 గెలుస్తుంది. పొల్లుకూ రెండో మకూ మధ్య మ తెచ్చిన 1ని పొల్లు తెచ్చిన 2 కొట్టేస్తుంది. కాబట్టి అ-మ్మ అనే ఒక్క విరుపే మిగులుతుంది, ఒత్తు ఎప్పటికీ విడిపోదు. ‘హైఫన్‌ను’ లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ కూర్చుంటుంది. దానికి రెండు పక్కలా 1 ఉంటుంది. పొల్లు వైపు ఆ 1 ఓడిపోతుంది, ‘ను’ వైపు గెలుస్తుంది. హైఫన్‌ ఒక లైన్లో, ను ఇంకో లైన్లో పడే వీలు అలా వస్తుంది. ఆ కనబడని గుర్తు మరిచిపోతే న కింద నావత్తు చేరడమే కాదు, విరిగే చోటు కూడా మారిపోతుంది.

అక్షరం చీలకుండా చూడటంలో ఈ నమూనాలకు తిరుగులేదు. అయితే అవి చెప్పేది అంతవరకే. ‘చేయలేకపోయినందుకు’ అనే మాటలో తొమ్మిది అక్షరాలు, ఎనిమిది విరుపులు. ఎనిమిదీ చెల్లుబాటే. చదివేవాళ్లకు హాయిగా ఉండేది మాత్రం చేయలేక-పోయినందుకు. చేయ-లేకపోయినందుకు కూడా పరవాలేదు. చే-యలేకపోయినందుకు అని విరిగితే మొదటి లైన్లో మిగిలింది ఏమీ చెప్పదు.

‘దేవాలయం’ ఇంకా గట్టి ఉదాహరణ. దేవా-లయం అని విరిగితే కింది లైను ‘లయం’తో మొదలవుతుంది. నాశనం అనే అర్థమున్న మాట అది. గుడి గురించిన వాక్యంలో ఎవరూ కోరుకోని మాట. అతుకు అసలున్నది దేవ, ఆలయం అనే రెండు మాటల మధ్య. సంధిలో ఆ రెండూ ‘వా’ అనే ఒక్క అక్షరంలో కలిసిపోయాయి. అక్కడ విరవాలంటే అక్షరాన్నే చీల్చాలి, లేదా సంధి విప్పి దేవ-ఆలయం అని రాయాలి. టెక్‌లోని డిస్క్రిషనరీ ఆదేశానికి ఆ శక్తి కూడా ఉంది. విరిగితే ముందు ఏం రావాలి, తర్వాత ఏం రావాలి, విరగకపోతే ఏం ఉండాలి అని మూడు భాగాలు తీసుకుంటుంది. జర్మన్‌లో 1996 సంస్కరణకు ముందు ‘సీకే’ అనే జంట లైను చివర విరిగితే ‘కే-కే’గా మారేది. అలాంటి పనికి ఇది సరిగ్గా సరిపోతుంది. తెలుగులో లైను కోసం సంధి విప్పే అలవాటు లేదు, మొదలుపెట్టాల్సిన అవసరమూ లేదు. అక్కడ విరవకుండా ఉంటే చాలు.

ఇక్కడే రెండు భాషల్లో పని రెండు దిక్కులకు తిరుగుతుంది. ఇంగ్లిష్ నమూనాలు అనుమతించేది తక్కువ, కాబట్టి దొరకని విరుపులను చేత్తో చేర్చాలి. తెలుగు నమూనాలు అనుమతించేది ఎక్కువ, కాబట్టి ఉన్నవాటికి పగ్గం వేయాలి. ఇంగ్లిష్ పుస్తకాల కోసం రాసిన సలహాలను తెలుగుకు ఉన్నదున్నట్టు తెస్తే పనికిరాకపోవడానికి కారణం ఇదే.

పగ్గం వేయడానికి మినహాయింపుల జాబితా సరైన పనిముట్టు కాదు. దేవాలయం, దేవాలయంలో, దేవాలయానికి, దేవాలయాలను అంటూ ఒక్క మాటకే ఎన్ని రూపాలో. ప్రతిదీ జాబితాకు కొత్త మాటే. దానికన్నా ఒక నమూనా చేర్చడం మేలు. దీర్ఘం గుర్తు, 4, ల, 4, య. ఇంతే. దీర్ఘం తర్వాత ‘లయ’ వచ్చినచోటల్లా ల ముందూ వెనకా 4 పడుతుంది. అది 1ని కొట్టేస్తుంది కాబట్టి రెండుచోట్లా విరుపు ఉండదు. విద్యాలయం, గ్రంథాలయం, కార్యాలయం, హిమాలయం, వాటి విభక్తి రూపాలన్నీ ఒకే దెబ్బకు గట్టెక్కుతాయి. సంబంధం లేని మాట ఏదైనా ఇందులో చిక్కుకుంటే పోయేది ఒక విరుపే, అంతకుమించి నష్టం లేదు. పాత టెక్ ఇంజిన్లలో నమూనాలను ఫార్మాట్ (టెక్ ముందే సిద్ధం చేసి ఉంచుకునే ఫైలు) తయారుచేసేటప్పుడే ఎక్కించాలి. లువాటెక్ అనే కొత్త ఇంజిన్‌లో పత్రం నడుస్తుండగానే చేర్చుకోవచ్చు. తెలుగు కూర్పుకు లువాటెక్ ఎంచుకోవడానికి ఇదొక్క కారణం చాలు.

రెండో పగ్గం కనీస అక్షరాల లెక్క. లైను చివర ఎన్ని మిగలాలి, కింది లైనుకు ఎన్ని పోవాలి అన్నదానికి టెక్ ఇంగ్లిష్‌లో 2, 3 అంకెలు వాడుతుంది. తెలుగులో ఇవే ఉంచితే అనుకున్న ఫలితం రాదు. టెక్ లెక్కపెట్టేది మనం పలికే అక్షరాలను కాదు, యూనికోడ్ గుర్తులను. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. ‘చే’ రెండు, ‘య’ ఒకటి. ‘చేయలేకపోయినందుకు’లో మొత్తం పదహారు గుర్తులున్నాయి. రెండు వైపులా కనీసం 4 అని పెడితే ఎనిమిది విరుపుల్లో మూడు రాలిపోయి అయిదు మిగులుతాయి. చే- అనే తునక, చేయ- అనే తునక, -కు అనే తునక ఇక ఒంటరిగా నిలబడవు. ‘స్త్రీలు’ లాంటి మాటలో ఎడమ వైపు లెక్క ఒక్క అక్షరానికే తీరిపోతుంది గానీ కుడివైపు ‘లు’ రెండు గుర్తులే కాబట్టి అదీ ఆగిపోతుంది. లెక్క పక్కాగా లేకపోయినా ఫలితం బాగుంటుంది. తెలుగుకు 4, 4 తో మొదలుపెట్టి, కాలమ్ బాగా ఇరుకైతేనే తగ్గించడం మంచిది.

ఒక హైఫన్ ఖరీదెంత

వీలున్న చోట్లు తేలాక రెండో ప్రశ్న. విరవాలా వద్దా అనేదాన్ని టెక్ బేరంలా చూస్తుంది. ముందు పేరా మొత్తాన్ని హైఫన్లు లేకుండా కూర్చి చూస్తుంది. ఏ లైను బ్యాడ్‌నెస్సూ, అంటే ఖాళీల సాగుదలను బట్టి టెక్ వేసే మార్కూ, 100 దాటకపోతే అక్కడితో ఆగిపోతుంది, హైఫన్ ఊసే ఎత్తదు. దాటితే రెండోసారి విరుపులను కూడా లెక్కలోకి తీసుకుని, ఈసారి 200 దాకా ఒప్పుకుంటుంది.

ఆ రెండో విడతలో ఒక హైఫన్‌కు పెనాల్టీ 50. ఆ 50 అంటే ఎంతో అంకెలు వేసి చూస్తేగానీ తెలియదు. లైను మీద పడే జరిమానాను లెక్కగట్టేది ఇలా: బ్యాడ్‌నెస్‌కు 10 కలిపి వర్గం చేయాలి, దానికి పెనాల్టీ వర్గం కలపాలి. సరిగ్గా సరిపోయి హైఫన్‌తో ముగిసిన లైనుకు 100, 2500 కలిసి 2600. హైఫన్ లేని లైను ఇంతే జరిమానా మోయాలంటే దాని బ్యాడ్‌నెస్ 41 ఉండాలి. బ్యాడ్‌నెస్ సాగుదల ఘనం మీద ఆధారపడుతుంది కాబట్టి, ఖాళీ సాగగలిగినదాంట్లో 74 శాతం సాగినప్పుడు అది 41 అవుతుంది. టెక్‌తో వచ్చే పది పాయింట్ల కంప్యూటర్ మోడరన్ ఫాంట్‌లో పదాల మధ్య ఖాళీ 3.33 పాయింట్లు, సాగే వీలు 1.67. అంటే ఖాళీ 4.57 పాయింట్లకు చేరేదాకా టెక్ హైఫన్ కన్నా ఖాళీనే మేలనుకుంటుంది, అది దాటితే మాటను విరుస్తుంది.

పెనాల్టీని 200 చేస్తే ఇదే లెక్కలో ఖాళీ దాదాపు 5.4 పాయింట్ల దాకా సాగుతుంది. నాలుగింతలు పెంచిన పెనాల్టీకి మారింది పాయింటు కన్నా తక్కువ. 50ని 60 చేసి పేజీలో తేడా కోసం వెతికేవాళ్లకు ఏమీ కనబడకపోవడానికి కారణం ఇది. పెనాల్టీని 10000 చేస్తే మాత్రం అది నిషేధమే. అప్పుడు ఖాళీలు ఎంత సాగినా, లైను మార్జిన్ దాటి బయటికి పొడుచుకొచ్చినా టెక్ మాటను విరవదు.

తెలుగులో మాటలు పొడుగు. ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి లైనుకు పడే ఖాళీలు తక్కువ. సాగే భారమంతా ఆ కొద్ది ఖాళీల మీదే పడుతుంది. ఇంగ్లిష్‌లో పది ఖాళీలు పంచుకునే సాగుదలను తెలుగులో నాలుగైదు మోస్తాయి. అందుకని ఇక్కడ పెనాల్టీ పెంచడం పేజీకి చేటు. విరుపుల సంఖ్యను కనీస అక్షరాలతో, నమూనాలతో తగ్గించి, మిగిలిన మంచి విరుపులను ధారాళంగా వాడనివ్వాలి.

వరస హైఫన్ల సంగతి వేరు. దానికి టెక్‌లో విడిగా 10000 జరిమానా ఉంది, పేరాలో చివరి లైనుకు ముందు లైను హైఫన్‌తో ముగిస్తే 5000. చూడ్డానికి పెద్దవిగా ఉన్నా ఇవి వర్గాలు చేశాక కలిసే అంకెలు. 10000 అంటే 100 పెనాల్టీ వర్గమే. కాబట్టి ఇవి బెదిరింపులే తప్ప నిషేధాలు కావు, దారి లేకపోతే టెక్ రెండు హైఫన్లు వరసగా వేస్తుంది. జీరాఫ్‌లో ‘డాట్ హెచ్‌ఎల్‌ఎమ్’ అనే ఆదేశం కచ్చితమైన సంఖ్య తీసుకుంటుంది. 2 అంటే మూడో లైను విరగదు, అంతే. పేరా మొత్తాన్ని చూసి తేల్చే టెక్ బేరానికి ఓపిక పట్టగలదు. ఒక్కో లైనూ నింపుకుంటూ పోయే జీరాఫ్‌కు వెనక్కి వెళ్లి సర్దే వీల్లేదు, కచ్చితమైన హద్దు లేకపోతే దాన్ని ఆపేదేమీ ఉండదు. అందుకే అందులో హద్దులు ఎక్కువ. ఖాళీలను ఇంత సాగదీస్తే లైను నిండిపోతుందంటే విరవొద్దు అని చెప్పే ‘డాట్ హెచ్‌వైఎస్’ వాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది. వర్డ్‌లో హైఫనేషన్ జోన్ అనే గడి కూడా ఇలాంటి ఆలోచనే. కుడి అంచు దగ్గర ఎంత ఖాళీని ఓర్చుకోవాలో అది చెబుతుంది.

వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లోని ‘హైఫన్స్’ లక్షణానికి ఏమీ చెప్పకపోతే విలువ ‘మాన్యువల్’. ‘ఆటో’ అని మార్చినా, పేజీ ఏ భాషలో ఉందో ‘లాంగ్’ అనే భాష గుర్తు ద్వారా చెప్పకపోతే బ్రౌజర్ మాటలను విరవదు. ఆటో పెట్టినా పని చేయట్లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు చూడాల్సింది అదే. తెలుగు పేజీలో ఇంగ్లిష్ వాక్యాలు కలిస్తే వాటికి విడిగా భాష గుర్తు పెట్టాలి, లేకపోతే తెలుగు నమూనాల్లో ఆ అక్షరాలు దొరక్క ఒక్క మాటా విరగదు.

హైఫన్ గుర్తు అసలు వేయాలా అన్న ప్రశ్న తెలుగులో తరచూ వస్తుంది. సీఎస్ఎస్‌లో ఆ గుర్తును మార్చవచ్చు, ఖాళీగా ఉంచితే మాట ఏ గుర్తూ లేకుండా విరుగుతుంది. శుభ్రంగా ఉంటుందన్నది దాని పక్షాన ఉన్న వాదన. కానీ తెలుగులో అన్నిటికన్నా మంచి విరుపు పడే చోటే గుర్తు లేకపోతే మోసం చేస్తుంది. లైను చివర ‘చేయలేక’ అని ఉంటే అదే పూర్తి మాట, అర్థం కూడా కుదురుతుంది. కింది లైన్లో ‘పోయినందుకు’ కనబడ్డాక చదివినదాన్ని వెనక్కి తీసుకోవాలి. ఆ చిన్న గీత చదివేవాళ్లకు ముందే కబురు చెబుతుంది. దాన్ని ఉంచడమే మర్యాద.

చేత్తో పెట్టే గుర్తులు

శీర్షికల్లో, కవితల్లో, కోడ్‌లో, అంకెల్లో హైఫనేషన్ ఆపేయాలి, దీనిపై చర్చ అక్కర్లేదు. వెబ్ చిరునామాలు, ఆదేశాల పేర్లు మాత్రం ప్రమాదకరం. వాటిలో హైఫన్ అనేది అసలు పేరులోనే ఉండొచ్చు కాబట్టి, లైను చివర పడింది పేరులోదో, యంత్రం వేసిందో చదివేవాళ్లకు తేలదు. చిరునామాను విరవక తప్పకపోతే గుర్తు లేకుండా విరవాలి. జీరాఫ్‌లో మాట మొదట్లో ‘బ్యాక్‌స్లాష్ పర్సెంట్’ పెడితే ఆ మాట విరగదు. అదే గుర్తు మాట మధ్యలో పెడితే అక్కడ విరవొచ్చని అర్థం. ఒకే గుర్తుకు రెండు వ్యతిరేక పనులు అప్పగించడం కొత్తవాళ్లను తికమక పెడుతుంది.

మధ్యలో పెట్టే గుర్తుల గురించి అంతగా తెలియని సంగతి ఇంకోటుంది. జీరాఫ్‌లో బ్యాక్‌స్లాష్ పర్సెంట్ కానీ, టెక్‌లో బ్యాక్‌స్లాష్ హైఫన్ కానీ, వెబ్‌లో సాఫ్ట్ హైఫన్ (మాట విరిగినప్పుడే కనబడే హైఫన్) కానీ ఒక మాటలో ఒక్కచోట పెడితే, ఆ మాటకు నమూనాలు చెప్పే విరుపులు పక్కకు తప్పుకుంటాయి. అదనంగా ఒక చోటు చూపిద్దామని పెట్టిన గుర్తు మిగతా చోట్లన్నీ మూసేస్తుంది. పొడవైన మాటలో పెట్టాల్సి వస్తే వీలున్న మంచి చోట్లన్నిటా పెట్టాలి.

తెలుగులో ఆ గుర్తు ఎప్పుడూ పూర్తి అక్షరం తర్వాతే పడాలి. ‘అమ్మ’లో పొల్లు తర్వాత సాఫ్ట్ హైఫన్ పడితే ఒత్తు విడిపోయి అమ్‌మ అని కనబడొచ్చు. కంటికి కనబడని గుర్తు కాబట్టి లోపం ఎక్కడుందో వెతకడమూ కష్టమే. పాఠాన్ని కాపీ చేస్తే ఈ సాఫ్ట్ హైఫన్లు దాంతోపాటే వెళ్తాయి, మాట కోసం వెతికితే కొన్నిచోట్ల దొరకదు.

అయినా వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది కీబోర్డు మీది మామూలు హైఫన్. ప్రూఫ్ దిద్దేటప్పుడు లైను చివర మాట సరిగా కుదరలేదని నేరుగా హైఫన్ కొట్టి, ఎంటర్ నొక్కి సర్దేస్తారు. ఆ పేజీ అచ్చులో బాగానే వస్తుంది. తర్వాత అదే ఫైల్లోంచి ఈ-బుక్ తయారైనప్పుడు, లేదా రెండో ముద్రణకు ఫాంట్ సైజు మారినప్పుడు, విరుపులన్నీ కొత్తచోట్లకు జరుగుతాయి, ఆ హైఫన్ మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. లైను నడిమధ్యన ‘చేయలేక-పోయినందుకు’ అని కనిపించే పుస్తకాలన్నిట్లో జరిగింది ఇదే. పాత ఫైలును తిరిగి వాడే ముందు, అక్షరానికి అక్షరానికి మధ్య ఇరుక్కున్న ఈ హైఫన్లను వెతికి ఒక్కొక్కటీ చూడాలి. తల్లి-తండ్రి లాంటి జంటల్లో హైఫన్ కావాలనే ఉంటుంది కాబట్టి, ఒకేసారి అన్నీ తీసేసే ఆదేశం ఇక్కడ పనికిరాదు.